బొబ్బర్ల వరస

పోయిన వారం న్యేలేని పెట్టె ముందు వదిలేసి వచ్చాం. ఇంకా అక్కడే ఉంది. సర్దిన బట్టలు తీసి మళ్ళీ మడత పెడుతోంది, మడత పెట్టినవి మళ్ళీ పెట్టెలో వేస్తోంది. వెళ్ళాలని నిజంగా ఉన్న మనిషి అలా సర్దదు. ఆ సంగతి గుమ్మంలోంచి తొంగిచూస్తున్న మేకకు కూడా తెలుస్తూనే ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. న్యేలే అసలు పేరు మారెట్. ఆడవాళ్ళ చేత కూరగాయల తోట వేయించడానికి నార్వే నుంచి మా ఊరు తొమిబుగుకి వచ్చింది. వచ్చిన రోజే కాజా ఆమెను కూతురన్నది, న్యేలే అని పేరు పెట్టింది, తన మెట్టింటి పేరు ట్రావొరే తగిలించింది. మాలీలో ఇంటిపేరు వచ్చిందంటే దాని వెనకే వరసలన్నీ వచ్చిపడతాయి. ట్రావొరేలకూ జారాలకూ తాతల నాటి నుంచి వేళాకోళం వరస. ఎదురుపడితే తిట్టుకుని తీరాలి. నువ్వు నా బానిసవంటే నువ్వే నా బానిసవని, నువ్వు బొబ్బర్లు మెక్కుతావంటే నీ వంశమంతా మెక్కుతుందని. ఎంత మాటన్నా కోపం తెచ్చుకునే హక్కు ఎవరికీ లేదు. కొడుకు పట్నం పనికి పోతే కాజా దగ్గరే ఉంటున్న కోడలు సిరా పుట్టింటి పేరు జారా. మా ఆడవాళ్ళు పెళ్ళయినా పుట్టింటి పేరు వదలరు. పైగా సిరా, న్యేలే వదినా ఆడపడుచులాయె. ఇంకేముంది, న్యేలే వచ్చిన దగ్గర్నుంచీ ఆ వాకిట్లో తిట్లు తప్ప ఒక్క మంచి మాట వినబడలేదు. ఇద్దరికీ అంత ప్రేమ.

తర్వాత ఆ పొద్దు వచ్చింది. ఉల్లి విత్తనాల కోసం న్యేలే మోపెడ్ మీద సంత ఊరికి బయల్దేరుతోంది. "ఎండెక్కుతుంది, త్వరగా పో తల్లీ" అని కాజా తొందరపెడుతోంది. మగవాళ్ళు గడ్డి పందిరి కింద టీ కాచుకుంటున్నారు. నిండు నెలల సిరా రోలు అంచు పట్టుకుని నిలబడి కేకేసింది.

"ఒసేయ్ బానిసా! మీ బొబ్బర్లు నా కడుపులో పొంగుతున్నాయే. నన్ను వీపున వేసుకుపో!"

"ఇంకో గుప్పెడు మెక్కు వదినా, అవే సర్దుకుంటాయి" అంది న్యేలే.

వాకిలంతా విరగబడి నవ్వింది. న్యేలే కూడా నవ్వుతూనే వెళ్ళిపోయింది. మోపెడ్ వెనక సీటు ఖాళీగా ఉంది. ఆమె తిరిగి వచ్చేసరికి బిడ్డ పుట్టాడు, ఏడవలేదు. ఆడవాళ్ళు ఆ చిన్న మూటను ఊరి వెనక మట్టిలో పెట్టి వచ్చారు. బిడ్డ అడ్డం తిరిగాడని, పొద్దున్నే సంత ఊరి ఆస్పత్రికి చేర్చి ఉంటే బతికేవాడని, మంత్రసాని అనకూడని మాట అందరిలోనూ అనేసింది.

ఆ రోజు నుంచి సిరా న్యేలేని తిట్టలేదు. ఎదురైతే మోకాళ్ళు కొద్దిగా వంచి, కళ్ళు దించుకుని, "రాత్రి సుఖంగా గడిచిందా అండీ? ఒంట్లో కులాసానా? మీ దేశంలో అమ్మగారూ నాన్నగారూ క్షేమమేనా?" అని అడుగుతోంది. జవాబు విని, దేవుడి దయ అని, తన పనికి తాను పోతోంది. ఏ తప్పూ పట్టలేని మర్యాద. న్యేలే మోపెడ్ ముట్టుకోవడం మానేసింది, అన్నం మానేసింది, చివరికి ఊరే మానేద్దామని పెట్టె తీసింది.

ఇవాళ సంత రోజు. మా ఊరి మీదుగా బండి వచ్చేది ఈ ఒక్కరోజే.

* * *

కాజా పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చింది. అన్నం, వేరుశనగ పులుసు, దాని మీద కోడి తొడ. ఆ ఇంట్లో కోడి తొడ ఇంటి పెద్దకు తప్ప ఇంకెవరికీ వెళ్ళదు. న్యేలే ఆ ముక్కను చూసి ఇంకా సిగ్గుపడింది.

"తిను తల్లీ. దారిలో ఏమీ దొరకదు."

"వద్దమ్మా. గొంతు దిగట్లేదు."

"ఇదిగో చూడు, ఎన్నిసార్లు చెప్పాను నీకు? నీ తప్పేం లేదు. అది వేళాకోళంగా పిలిచింది, నువ్వు వేళాకోళంగా జవాబిచ్చావు. వరస అన్నాక అంతేగా. దేవుడు తీసుకున్నదానికి మనమేం చేస్తాం?"

కాజా మాట్లాడుతున్నంత సేపూ పెట్టె మూత తుడుస్తూనే ఉంది. దాని మీద దుమ్మేం లేదు.

"అమ్మా, నన్ను దారి అడగనిస్తావా?" అంది న్యేలే.

ఇక్కడ కాస్త ఆగాలి. మా ఊళ్ళలో ఎవరూ ఊరికే లేచి వెళ్ళిపోరు. ఉన్న ఇంటివాళ్ళను దారి అడగాలి. ఇంటివాళ్ళు ఇవ్వం పొమ్మనాలి. ఇంకో పూట ఉండమనాలి, చెప్పులు దాచాలి, దారి సగమే ఇస్తాం మిగతా సగం మళ్ళీ వచ్చినప్పుడనాలి. ఇష్టం లేని చుట్టానికి కూడా ఈ పాటి నాటకం ఆడతాం. న్యేలేకి ఇదంతా తెలుసు. లోపల ఎక్కడో, కాజా చెయ్యి పట్టుకుని ఆపుతుందనే ఆశతోనే అడిగింది.

"ఇచ్చాను తల్లీ" అంది కాజా. "వెళ్ళు. మీ అమ్మ చేతి వంట తిని ఒళ్ళు తేరుకో. ఇవాళ బండి తప్పితే మళ్ళీ సంత దాకా లేదు."

న్యేలే తలూపింది. తనలాంటి దానికి అంతకంటే ఏం దక్కుతుందిలే అనుకుంది. ఈ పిల్లతో వచ్చిన తంటా అదే. ఎవరేం చేసినా అది తన తప్పుకు శిక్షే అనుకుంటోంది. ఎదుటి మనిషి కళ్ళు ఎందుకు తప్పించుకుంటున్నాయో చూసే తీరిక దానికి లేదు.

కాజా వెళ్ళాక న్యేలే పెట్టె అడుగు నుంచి చిన్న పొట్లం తీసింది. ఆకులో చుట్టిన కోలా గింజలు. పోయిన సంతలో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తెప్పించుకుంది. పెద్దలు పెళ్ళి కుదుర్చుకున్నా తగువు తీర్చుకున్నా చేతిలో పెట్టేది ఇవే. క్షమించమని అడగడానికి ఇంతకంటే గట్టి మాట మా భాషలో లేదు.

పందిరి కింద సెరిబా టీ కెటిల్ ఎత్తి గ్లాసులోకి పోస్తున్నాడు. కాజా మరిది, ఇంటికి పెద్ద నోరు. పొట్లం చూశాడు.

"ఎవరికే అది?"

"వదినకి, బాబాయ్. క్షమించమని."

సెరిబా పోస్తున్న టీ గ్లాసు దాటి బూడిదలో పడింది.

"ట్రావొరే వెళ్ళి జారాకి కోలా ఇస్తుందా! మతి పోయిందా పిల్లా? మా తాతల నుంచి ఇలాంటి ఘోరం వినలేదు. కోలా ఇచ్చేది పరాయివాళ్ళకే. అది తీసుకుందంటే మీ ఇద్దరికీ ఇంక ఏ వరసా లేనట్టు."

"ఇప్పుడు మాత్రం ఏముంది బాబాయ్? నన్ను 'అండీ' అంటోంది."

సెరిబా బూడిదలో పడ్డ టీని పుల్లతో కెలుకుతూ, "నేనూ నవ్వానే ఆ రోజు" అన్నాడు, ఎవరికీ వినపడనట్టు.

* * *

సిరా వంటపాక వెనక పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. షియా గింజల వెన్న కాగుతోంది. ఎండ మాడ్చేస్తున్నా భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుంది. న్యేలేని చూసి లేవబోయింది.

"లేవకు వదినా."

"రండి. కూర్చోండి. రాత్రి సుఖంగా గడిచిందా?"

"గడిచింది. వదినా, నేను..."

"ఇంట్లో అందరూ క్షేమమేనా?"

"నేనుండేది మీ ఇంట్లోనే కదా వదినా."

"అయితే క్షేమమే. దేవుడి దయ."

న్యేలే ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో పొట్లం ముందుకు చాపింది. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "తప్పు చేశాను. క్షమించు" అని మాత్రం అనగలిగింది.

సిరా పొట్లం వైపు చూసింది. తర్వాత రెండు చేతులూ చాపి తీసుకుంది. ఆమె వేళ్ళు న్యేలే వేళ్ళకు తగిలాయి. సెగ పుట్టించేంత వేడిగా ఉన్నాయి. పొయ్యి పక్కన కూర్చుంది కదా అనుకుంది న్యేలే.

"పెద్ద మాట అడిగారు. తీసుకున్నాను" అంది సిరా. "దేవుడు మిమ్మల్ని మన్నించాలి, నన్నూ మన్నించాలి. మీ దారి చల్లగా సాగాలి. మీ వాళ్ళను క్షేమంగా చేరుకోవాలి."

"అమీన్" అంది న్యేలే. అని కదలలేదు. "అంతేనా?"

"ఇంకేం కావాలండీ?"

"తిట్టు వదినా. ఒక్కసారి. బానిసా అను, గాడిదా అను. నీ బిడ్డను నేనే చంపానని అను. ఈ మర్యాద నేను మొయ్యలేను."

"ఆ మాట నా నోటితో అనిపించుకుంటే మీరు హాయిగా బండెక్కుతారు" అంది సిరా. ఆమె గొంతు పెరగలేదు. "తిట్టు కావాలంట, తిట్టు! తిట్టంటే ఏమనుకున్నారు మీరు? మా నాన్న పోయిన రోజు ట్రావొరేలు దండు కట్టి వచ్చారు. ఒకడు మా నాన్న తలగుడ్డ చుట్టుకుని, ఆయన నడకే నడుస్తూ, శవం ముందు బొబ్బర్లు మెక్కుతున్నట్టు ఆడాడు. అప్పటిదాకా రాయిలా ఉన్న మా అమ్మ ఆ ఏడుపులోనే నవ్వింది. నవ్వాకే లేచి నీళ్ళు తాగింది. తిట్టంటే అదీ. అడుక్కుంటే పెట్టేది కాదు."

న్యేలేకి ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు ఉక్రోషమూ వచ్చింది, దాచుకోలేకపోయింది.

"మరి ఆ రోజు మామూలుగా ఎందుకు చెప్పలేదు? నొప్పులొస్తున్నాయి, తీసుకుపో అని ఒక్క మాట చాలదా? నాకేం తెలుసు? రోజూ కడుపులో బొబ్బర్లనే అంటావు, రోజూ వీపున మొయ్యమనే అంటావు!"

సిరా చేతిలోని గరిటె కుండలో పడేసింది.

"ఎవరి ముందు చెప్పమంటావే? చినమామగారి ముందా? టీ తాగుతూ కూర్చున్న ఊరి మగాళ్ళందరి ముందా? నొప్పులని కేకలు పెట్టిన దాని గురించి బావి దగ్గర ఏమనుకుంటారో ఇన్నాళ్ళూ నువ్వు వినలేదూ? వేళాకోళమైతే ఎంత గట్టిగా అరిచినా సిగ్గు లేదు. అందుకే అరిచాను. నా వరసైనదానివి కాబట్టే నిన్ను పిలిచాను. నా మొహం చూస్తావనుకున్నా. రోలు పట్టుకున్న చేతులు ఎలా వణుకుతున్నాయో చూస్తావనుకున్నా. నువ్వు నా మాట మాత్రమే విన్నావు."

నువ్వు అంది. న్యేలే ఆ మాటను పట్టుకుంది. ఎంత కోపంగా అన్నా సరే, నువ్వు అంది.

"అక్కడ అందరూ విన్నారు వదినా..." అని మొదలుపెట్టి, తనమీద తనకే అసహ్యం వేసి ఆపేసింది.

"అందరికీ మోపెడ్ లేదు" అంది సిరా. "ఇంకో దారి లేకే కదా నేను వాకిట్లోకి వచ్చి..." అంతలో ఆమె కూడా ఆగింది. వంటపాక అవతల కాజా గొంతు వినిపించింది, కోళ్ళను అదిలిస్తూ. సిరా దుప్పటి బిగించి కప్పుకుంది. "పోనివ్వండి" అంది.

మళ్ళీ 'అండీ'.

"ఇంకోసారి పిలువు వదినా. ఈసారి నవ్వను."

"నవ్వరా? నేను నిజంగానే వేళాకోళం ఆడితే?"

న్యేలే అబద్ధం చెప్పలేకపోయింది. "తెలీదు. ఏది నిజమో ఏది ఆటో నాకు ఇప్పటికీ తెలీదు."

"బండి వేళయింది" అంది సిరా. "వెళ్ళి రండి."

కోలా పొట్లం ఆమె ఒళ్ళోనే ఉంది. గింజ విరిచి సగం న్యేలే చేతిలో పెట్టాలి, అప్పుడే మాట పూర్తయినట్టు. సిరా విరవలేదు. న్యేలే అది గమనించలేదు, మోకాళ్ళకు అంటిన ఇసుక కూడా దులుపుకోకుండా వెళ్ళిపోయింది.

* * *

బండి రాలేదు. మా ఊరి బండి చెప్పిన వేళకు వస్తే అది వేరే ఊరి బండి అయి ఉండాలి. పందిరి కింద జనం పోగయ్యారు. తోటలో పనిచేసే ఆడవాళ్ళంతా వచ్చారు. ఒకామె వంకాయలు తెచ్చింది, ఒకామె షియా వెన్న ముద్ద తెచ్చింది, నార్వేలో వంకాయలు ఉండవా అని ఇంకొకామె పోట్లాట పెట్టింది.

ఒక్కొక్కరూ వచ్చి ఎడమ చెయ్యి ఇచ్చారు. మామూలు రోజుల్లో ఎడమ చెయ్యి చాపితే చెంప పగలగొడతాం. దూరం వెళ్ళేవాళ్ళకు మాత్రం అదే ఇస్తాం. తప్పు చేసి పంపించాం, ఆ తప్పు దిద్దుకోవడానికైనా మీరు తిరిగి రావాలి అని. సెరిబా ఇచ్చాడు. మంత్రసాని ఇచ్చింది. న్యేలే ఒక్కో ఎడమ చెయ్యీ పట్టుకుంటూ, దిద్దుకోలేని తప్పు కూడా ఉంటుందా అని అడగాలనుకుని, అడగలేక, ఊరికే తలూపింది.

కాజా వంతు వచ్చింది. కాజా కుడి చెయ్యి చాపింది.

"అదేమిటొదినా!" అన్నాడు సెరిబా. కాజా తన చేతివంక తానే చూసుకుంది. "అయ్యో, నా బుద్ధి మండ" అని గబుక్కున చెయ్యి మార్చింది. న్యేలే ఆ చేతిని కళ్ళకద్దుకుంది. కుడి చెయ్యే నాకు తగినది, అమ్మ మనసుకు తెలుసు అనుకుంది.

అప్పుడు వెనక నుంచి వినబడింది.

"ఒసేయ్ బొబ్బర్ల బస్తా!"

అందరి తలలూ తిరిగాయి. సిరా, దుప్పటితోనే, గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"దొంగ మొహమా, చెప్పకుండా పారిపోతున్నావా? బానిసవి నువ్వు పోతే నన్నెవరు మోస్తారే? నన్ను వీపున వేసుకుపో!"

పందిరి గొల్లుమంది. ఎన్నాళ్ళకు! ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకామె సంతోషం పట్టలేక వంకాయల బుట్ట కింద పడేసింది. "హమ్మయ్య, జారా నోరు తెరిచింది, ఇంక వానలు పడతాయి" అన్నాడు సెరిబా కళ్ళు తుడుచుకుంటూ. అందరికంటే గట్టిగా నవ్వింది కాజా. న్యేలేకి కూడా నవ్వు వచ్చింది. గుండెల మీది బరువు దిగిపోయి, జవాబు నాలుక చివరికి వచ్చేసింది. బొబ్బర్లు మెక్కినదాన్ని మొయ్యడానికి నాకు లారీ కావాలి వదినా అనబోయింది.

అనలేదు. సిరా మొహం చూసింది.

సిరా పెదాలు పగిలి ఉన్నాయి. గోడ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. వీడ్కోలు చెబుతున్నట్టు ఎడమ చెయ్యి చాపింది. న్యేలే పరుగున వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. ఇక్కడ పొయ్యి లేదు. చెయ్యి కాలిపోతోంది. ఇందాక కూడా ఇలాగే కాలింది. ఇందాక కూడా ఈ వేళ్ళే తగిలితే, పొయ్యి వేడి అనుకుని వచ్చేశాను. రెండోసారి కూడా!

న్యేలే వెనక్కి తిరిగి, సిరా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వీపు చూపించింది.

జనం మళ్ళీ పడిపడి నవ్వారు.

"నవ్వొద్దు!" అని అరిచింది న్యేలే. ఆమె అరవగా మా ఊరు ఎప్పుడూ వినలేదు. "ఎవరూ నవ్వొద్దు! ఈమెకు జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది!"

కాజా ముందుకొచ్చింది. "బాలింత ఒళ్ళు అలాగే ఉంటుంది తల్లీ. ఆకు కషాయం పెడుతున్నాను, తగ్గుతుంది. నువ్వు బండి చూసుకో." సిరా భుజం పట్టుకుంది. "పద లోపలికి. మగాళ్ళ ముందు ఏమిటీ ఆగం?"

సిరా కదలలేదు. అత్తగారి వంక చూడను కూడా లేదు. న్యేలే వీపు మీదికి ఒరిగిపోయింది.

"అమ్మా, వదులు" అంది న్యేలే.

"నీకు తెలీదు, పిల్లవి..."

"తెలీదు. ఆ రోజూ తెలీదు. అందుకే ఈసారి తీసుకెళ్తాను. ఆటే అయితే తిరిగొచ్చాక ఊరంతా నన్ను చూసి నవ్వండి."

కాజా చెయ్యి ఇంకా కోడలి భుజం మీదే ఉంది. మంత్రసాని వచ్చి దుప్పటి తొలగించి, సిరా పొత్తికడుపు మీద చెయ్యి వేసి, వాసన చూసి, మొహం తిప్పుకుంది. "లోపల చీము పట్టింది. బండి కోసం ఆగితే ఈమె ఉండదు" అంది. అప్పుడు సెరిబా లేచాడు. టీ కెటిల్ కాలికి తగిలి దొర్లిపోయింది. "మోపెడ్ తియ్యండ్రా! వదినా, చెయ్యి తియ్యి" అన్నాడు. వదినగారితో మరిది అలా మాట్లాడటం ఎవరూ ఎరగరు. కాజా చెయ్యి తీసింది.

దుమ్ము పట్టిన మోపెడ్ వాకిట్లోకి వచ్చింది. న్యేలే ఎక్కింది. ఖాళీ సీటు మీద సిరాను కూర్చోబెట్టారు. కూర్చోలేక పక్కకు వాలిపోతుంటే, తోట ఆడవాళ్ళు నడుముకు చుట్టుకున్న గుడ్డలు విప్పి, పసిపిల్లను వీపుకు కట్టినట్టు ఇద్దరినీ కలిపి చుట్టి, న్యేలే రొమ్ము మీద ముడి వేశారు. సిరా తల ఆమె భుజం మీద ఆనింది. ఒళ్ళో నుంచి ఏదో జారి నేల మీద పడింది. కోలా పొట్లం. గింజలన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కటీ విరవలేదు. ఎవరూ వంగి తియ్యలేదు.

* * *

ఎర్ర దుమ్ము దారి. ఒక పక్క పత్తి చేలు, ఒక పక్క ఏమీ లేదు. గుంటలు తప్పించుకుంటూ పోతోంది న్యేలే. వీపంతా నిప్పుల కుంపటిలా ఉంది. ఆ రోజు ఇదే దారిలో, ఇదే సీటు ఖాళీగా, పాట పాడుకుంటూ వెళ్ళాను అనుకుంది. కళ్ళు మసకబారితే భుజానికి తుడుచుకుంది.

"వదినా, నిద్రపోకు. మాట్లాడు."

"మొయ్యడం చేతకాదు గాని..." అంది సిరా, చెవి పక్కనే, అతి కష్టం మీద. "గాడిద నయం."

"అను వదినా. ఇంకా అను."

న్యేలే ఇంకో గుంట తప్పించింది.

"ఒసేయ్."

"ఊఁ."

"ఆ రోజు నేను మొదట అడిగింది నిన్ను కాదు."

చక్రం గుంటలో పడి లేచింది. న్యేలే రెండు చేతులా హ్యాండిల్ బిగించి పట్టుకుంది. "ఎవర్ని?"

"మీ అమ్మని. వెలుతురొచ్చే వేళకే. గదిలో, ఇద్దరమే ఉన్నప్పుడు." ఒక్కో మాటకీ ఆగుతోంది సిరా. "వేళాకోళం కాదే. ఆవిడకూ నాకూ ఆ వరస ఎక్కడిది? అత్తయ్యా నొప్పులొస్తున్నాయి, న్యేలే వెళ్తోందిగా, నన్నూ ఎక్కించండి అని... మామూలు మాటల్లోనే అడిగాను."

ఎండెక్కుతుంది త్వరగా పో తల్లీ. ఆ గొంతు న్యేలే చెవిలో మళ్ళీ వినబడింది. అడగ్గానే ఇచ్చేసిన దారి. తుడిచిన పెట్టె. ముందు చాపిన కుడి చెయ్యి. ఈ మాట నా చెవిన పడకముందే పంపెయ్యాలని.

"అమ్మ ఏమంది?"

జవాబు లేదు.

"వదినా! అమ్మ ఏమంది?"

భుజం మీది తల బరువెక్కింది. రొమ్ము మీది ముడి ఒక్కసారిగా బిగుసుకుని, వెనక మనిషి బరువంతా దాని మీద వేలాడింది. ఆపడానికి లేదు. దారిలో మనిషి లేడు. న్యేలే పొగ వచ్చేంతగా మోపెడ్ వేగం పెంచి, గొంతు చించుకుని తిట్టడం మొదలుపెట్టింది. బొబ్బర్ల మొహమా అంది, బానిసా అంది, జారాల వంశంలో ఒక్కరికైనా సిగ్గుందా అంది. తనకు వచ్చిన తిట్లన్నీ అయిపోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ప్రతి తిట్టుకూ ఆగి, వెనక నుంచి వచ్చే తిట్టు కోసం చెవులు రిక్కించింది.